జేజి చాటలో రెండు తలకట్లు

మొన్న మా మనవరాలి నర్సరీ బడి నుంచి కోడలి ఫోనుకి మెసేజి వచ్చింది, ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లకి అక్షరాలు నేర్పుతున్న వీడియో శనివారంలోగా పంపాలని. సత్యనారాయణపేటలో మా ఇంటి హాలంతా సర్ది, నాకు పట్టుచీర కట్టించి, పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టుకొని ఇంగ్లీషు ‘ఎ’ రాయించమన్నారు. నాలుగుసార్లు రాయించాను. ఐదోసారి మనసాగక ఒక ‘అ’ దిద్దించబోతే కోడలు ఫోను దించేసింది.

“అది వద్దత్తా, పాపకి కన్ఫ్యూజ్ అవుతాదని మేడం చెప్పినారు.”

వీడియో అయిపోగానే పిల్లని ఎత్తుకుపోయారు. ఛీ, ఇదీ ఒక నేర్పడమేనా? పట్టుచీర కట్టుకొని ఎంగిలి విస్తరి ముందు కూర్చున్నట్టనిపించింది. అయినా ఆ రోతంతా వాళ్ళ మీదేనంటే అబద్ధం. అందులో సగానికి పైగా నా మీద నాకున్నదే. నా ఈడువాళ్ళు మీరు గనుక దాచకుండా చెబుతున్నాను.

మాది కన్నడ రాష్ట్రం అంచున ఉన్న తెక్కలకోట. నాకు అక్షరాలు దిద్దించింది మా నాయన తల్లి, మా జేజి. పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, మిగిలిన ముగ్గుపిండిని చాటలో పలచగా పరిచి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకొని నా వేలు పట్టి రాయించేది. నశ్యం పీల్చే మనిషి కావడంతో వేళ్ళు గోధుమరంగుకి తిరిగి ఉండేవి, ఆ ఘాటుకి నేను మొహం పక్కకి తిప్పుకొనేదాన్ని. ఆమె బడి గడప తొక్కలేదు. అన్నల పలకల మీద చూసి కొంత తెలుగు, బస్సు బోర్డుల మీద చూసి కొంత కన్నడం పట్టుకొని, అదంతా ఒకే రాత అనుకుంది. మన రెండు లిపులకీ చాలా అక్షరాల్లో తేడా తలకట్టులోనే కదా. తెలుగుది టిక్కు పెట్టినట్టుంటుంది, కన్నడానిది అడ్డంగా గీత గీసినట్టుంటుంది. జేజి చేతికి ఏది వస్తే అది పెట్టేది.

కన్నడ బడిలో చేరిన వారానికే మేష్టరు నా పేరు రాయమన్నారు. సగం ఆ తలకట్లూ సగం ఈ తలకట్లూ పెట్టి గర్వంగా చూపించాను. ఆయన పలక పైకెత్తి, ఇదేం భాషని కన్నడంలో క్లాసునంతా అడిగారు.

“ఇదు యావ భాషె?”

అందరూ పగలబడి నవ్వారు. ఇంటికొచ్చి పలకని జేజి ముందు విసిరికొట్టాను.

“నీకు అక్షరాలే రావు. ఆ నశ్యం చేత్తో నన్ను ముట్టుకోవద్దు!”

“నాకు రొండూ ఒగటే మాదిరి కనపడతాండాయి తల్లీ,” అని మాత్రం అంది జేజి. చెయ్యి కొంగుకి తుడుచుకొని, చాటలో పిండిని డబ్బాలోకి ఒంపేసింది. ఆ తర్వాత మా చెల్లెలు తనంతట తాను వచ్చి ఒళ్ళో కూర్చున్నా, దాని వేలు పట్టుకోలేదు.

ఆమె నేర్పినవాటిని రెండుగా విడదీసుకోవడానికి నాకు నెల కూడా పట్టలేదు. పెద్దయ్యాక కంటోన్మెంటు దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికిందంటే, సరిహద్దు ఊళ్ళ నుంచి రెండు లిపుల్లోనూ వచ్చే అర్జీలు గడగడా చదవగలగడం వల్లనే. ఒకసారి మా ఆఫీసరు మా ఇంటికి భోజనానికి వచ్చి, కన్నడ బడిలో చదివిన దానివి, తెలుగు ఎవరు నేర్పారమ్మా అని మెచ్చుకోలుగా అడిగారు. జేజి అక్కడే గోడకానుకొని కూర్చుని ఉంది. ఆమె మాసిన కొంగూ, ఆ వేళ్ళూ చూసి నాకు సిగ్గేసింది. సొంతంగా నేర్చుకున్నానన్నాను. ఆయన నమ్మలేనట్టు జేజి వైపు చూశారు.

“ఔనప్పా, మా పాప సొంతంగానే నేర్చుకున్యాది,” అంది జేజి, తడుముకోకుండా.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది. ఈమే నేర్పిందని వేలు చూపించడానికి నాకు ఎంతసేపు పట్టేది? ఇప్పుడైతే ఎవరడిగినా చెబుతాను, కానీ అడిగేవాళ్ళే లేరు. ఏ లిపినైనా ఫోనే చదివి వినిపిస్తున్న ఈ రోజుల్లో, రెండు లిపులు వచ్చిన ముసలిదాన్ని చూసి, నీకెవరు నేర్పారని ఎవరడుగుతారు?