బతికున్నవాళ్ళ లెక్క

జేబులక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. గౌను కుట్టమంటే గౌనుకి జేబు, లంగా కుట్టమంటే లంగాకి జేబు. ఓసారి దిండు గలీబుకి కూడా జేబు పెట్టి తిట్లు తింది. "ఆడదానికి చేతులు రెండే, పనులు పది. తాళంచెవి పెట్టుకోడానికైనా ఓ చోటుండొద్దూ?" అనేది. అడక్కుండానే పెట్టేది, దానికి కూలి మాత్రం అడిగేది కాదు. ఇలాంటివాళ్ళు వ్యాపారంలో బాగుపడ్డ దాఖలా ఎక్కడా లేదు. ఆవిడా బాగుపడలేదు.

కొట్టు కూడా అంతంతమాత్రమే. ఓ మిషను, ఓ కత్తిరింపు బల్ల, గోడకి కొక్కేలు, మిషను పక్కన ఓ పీట. ఆ పీట మీద పాప. పాప అంటే చంటిపిల్ల అనుకునేరు. ఇరవై ఆరేళ్ళ మనిషి, తల్లికంటే జానెడు పొడుగు, తల్లికి రెండింతల బరువు. బుద్ధి మాత్రం మూడేళ్ళ దగ్గరే ఆగిపోయింది. గుండీ కనిపిస్తే నోట్లో వేసుకుంటుంది, బండి హారన్ వినిపిస్తే దాని వెనకాల పరుగెడుతుంది. ఒక్కోసారి ఫిట్స్ వచ్చి ఉన్నచోటే పడిపోతుంది. తండ్రి బతికున్నన్నాళ్ళూ లేపడం, స్నానం చేయించడం ఆయనే చూసుకున్నాడు. ఆయన పోయాక ఆ బరువంతా జేబులక్క నడుం మీద పడింది.

నడుం ఎన్నాళ్ళని మోస్తుంది? "ఇంకోసారి ఆ అమ్మాయిని ఎత్తారంటే మీరే మంచాన పడతారు" అన్నాడు డాక్టరు. సగం రోజు బస్సు ప్రయాణమంత దూరంలో ఇలాంటివాళ్ళకో హాస్టలు ఉంది, ఓ చోటు ఖాళీ అయింది, నెలాఖరులోగా చేరిస్తే సరి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. వీధిలో అందరూ అక్కడ చేర్చెయ్యమనేవాళ్ళే. అలా అన్నవాళ్ళ జాకెట్లు జేబులక్క కావాలని ఆలస్యం చేసేది. పగ తీర్చుకోడానికి దర్జీ చేతిలో అంతకంటే ఏముంటుంది లెండి.

అలాంటి రోజుల్లో మునిసిపల్ కౌన్సిల్ వాళ్ళ కబురు చెవిన పడింది. వీధికి పనికొచ్చే పని ఏదైనా సరే, వీధివాళ్ళు ఇంటర్నెట్‌లో తలో చెయ్యీ వేసి చందాలు పోగుచేస్తే, మిగతా ఖర్చంతా కౌన్సిల్ పెట్టుకుంటుందట. లైబ్రరీ వెనక గది తాళం పడి ఏళ్ళయింది. దాన్ని బాగుచేయించి ఇద్దరు ఆయాల్ని పెడితే, పాపలాంటివాళ్ళు పగలంతా అక్కడ ఉండొచ్చు. స్నానం, తిండి, లేపడం, కూర్చోబెట్టడం వాళ్ళు చూస్తారు. పొద్దున్న అప్పజెప్పి సాయంత్రం తెచ్చుకోవడమే. పాప దూరం పోనక్కర్లేదు.

కౌన్సిల్‌లో ఆ పని చూసే మేడమ్ మంచిది. తనే కొట్టుకొచ్చి, పేజీ తయారుచేసి, జేబులక్క ఫోన్‌లో పెట్టి చూపించింది. "డబ్బు ముఖ్యం కాదమ్మా. ఒక్క రూపాయి వేసినా చాలు. మనుషులు కావాలి. మీ వార్డులో మూడొందల మంది వేస్తే ఇది వీధి మొత్తం కోరుకుంటున్న పని అని మేం నమ్ముతాం" అంది. ఒక్క రూపాయే కదా, మూడొందల మంది ఎంతసేపు అనుకుంది జేబులక్క. మనుషుల సంగతి అప్పటికింకా ఆవిడకి పూర్తిగా తెలియదు.

ఇంటింటికీ తిరిగింది. పాప చెయ్యి పట్టుకునే తిరిగింది. ఒకాయన ఫోన్‌లో ఛార్జింగ్ లేదన్నాడు, ఆ ఫోన్‌లోనే సినిమా చూస్తూ. ఒకావిడ మా ఆయన్ని అడగాలంది, వాళ్ళాయన మా ఆవిడ్ని అడగాలన్నాడు. పేరు పడితే కౌన్సిల్ వాళ్ళు పన్ను పెంచుతారని ఇంకొకాయన పుకారు పుట్టించాడు. పుకారుకి కాళ్ళు ఎక్కువ, జేబులక్కకంటే ముందే ప్రతి గుమ్మానికీ చేరిపోయేది. నలభై మంది దగ్గర బండి ఆగిపోయింది.

ఎదురుకొట్టు వాచీల తాత ఓ సాయంత్రం దాన్ని కదిలించాడు.

"రూపాయికేం భాగ్యం గానీ అమ్మాయ్, ఈ వయసులో నాకు పేరెందుకు? రాస్తే మీ పిన్ని పేరు రాయి" అన్నాడు. తాత భార్య పోయి ఆర్నెల్లయింది.

"అలాగే బాబాయ్" అని జేబులక్క ఫోన్‌లో ఆ పేరే కొట్టింది. తెర మీద ఆవిడ పేరు వెలిగింది, కింద 'మీ సాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది. ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. "దాన్నెవరూ ఎప్పుడూ దేనికీ మెచ్చుకోలేదే తల్లీ. నేనూ మెచ్చుకోలేదు" అని అక్కడే భోరుమన్నాడు.

ఆ రాత్రే జేబులక్క తన పెనిమిటి పేరు వేసింది. పొద్దున్నకల్లా వీధంతా పాకింది. ఛార్జింగ్ లేనాయనకి ఛార్జింగ్ వచ్చింది, వాళ్ళమ్మ పేరు వేశాడు. పుకారు పుట్టించినాయన లారీ కింద పడ్డ తమ్ముడి పేరు వేసి, అన్నం తినకుండా పడుకున్నాడు. తన పేరు వెయ్యడానికి వంకలు వెతికిన మనిషి పోయినవాళ్ళ పేరుకి కాదనలేకపోయాడు. కొందరు అత్తమామలవీ అమ్మానాన్నలవీ కలిపి నాలుగేసి పేర్లు వేశారు. జేబులక్కే అడిగేది, "మీవాళ్ళెవరైనా ఉన్నారా, వాళ్ళ పేరు మీద వేద్దురూ" అని. పాపం, అందులో తప్పుంటుందని ఆవిడకి తట్టనే లేదు. వీధిలో ఎవరికీ తట్టలేదు.

గడువు ముగిసే రోజుకి మూడొందలు దాటింది. జేబులక్క పీట మీదున్న పాప ముందు గొంతుక్కూర్చుని, రెండు బుగ్గలూ పట్టుకుని, "నీకో గదొస్తోందే. పొద్దున్న నిన్ను అక్కడ దింపి నేను కుట్టుకుంటా, సాయంత్రం వచ్చేస్తా. సరేనా?" అంది. పాప "నా గది" అంది. రోజంతా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ "నా గది, అమ్మ సాయంత్రం" అని చెబుతూనే ఉంది.

మూడోనాడు మేడమ్ ఆఫీసుకి రమ్మంది. కుర్చీ చూపించింది, మంచినీళ్ళిచ్చింది. మంచినీళ్ళు ఇచ్చినప్పుడే జేబులక్క కీడు శంకించింది.

"పేర్లు ఓటర్ల జాబితాతో సరిచూశామమ్మా. సగానికి పైగా లేనివాళ్ళే."

"లేకపోవడమేంటి మేడమ్? వాళ్ళంతా మా వీధివాళ్ళే."

"పోయినవాళ్ళమ్మా."

"పోతే మాత్రం? డబ్బులు వేసినవాళ్ళు బతికే ఉన్నారు కదండీ. పిలవమంటే ఇప్పుడే పిలుస్తాను. వాళ్ళ పేర్లే మార్చి రాసుకోండి."

"గడువు దాటాక మార్చే వీల్లేదు. మార్చినా నాలుగేసి పేర్లు వేసినవాళ్ళు ఒక్కొక్కరే అవుతారు, సరిపోరు. పైవాళ్ళు దీన్ని దొంగ పేర్లంటున్నారు. మీరు మోసం చేశారని నేననను. నేను బతిమాలి చూశాను" అంది మేడమ్. ఆ మాట నిజమే, ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చు" అంది. నెలాఖరు అయిదు రోజుల్లో ఉన్నవాళ్ళకి వచ్చే ఏడు గురించి చెబితే ఏం చేసుకుంటారు?

జేబులక్క లేవబోతుంటే మేడమ్ ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "మీ అమ్మాయి పేరు వెయ్యలేదేం?"

"దానికేం తెలుసండీ, పిచ్చిది."

"తెలియక్కర్లేదమ్మా. ఈ వార్డు మనిషి, పద్దెనిమిది దాటింది. ఆవిడ లెక్కలోకి వచ్చేది."

ఆ ఒక్క పేరుతో మూడొందలు నిండిపోయేవేం కావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా మెట్లు దిగుతుంటే ఆ మాటే జేబులక్కని తొలిచేసింది. ఎవరి గదికోసం వీధిలో పోయినవాళ్ళందర్నీ పేరుపేరునా లేపుకొచ్చిందో, చెయ్యి పట్టుకుని పక్కనే నడిచిన ఆ పిల్లని మనిషి కింద తనే జమకట్టలేదు. ఇంకెవరో అలా చేసి ఉంటే వాళ్ళని కడిగిపారేసేది. తనని తను ఏమనగలదు?

రూపాయిలు తిరిగొచ్చేశాయి. పోయినవాళ్ళ పేరుతో, 'మీ సాయం స్వీకరించలేకపోయాం' అని ఫోన్లకి సందేశాలొచ్చాయి. వాచీల తాత ఫోన్ తెచ్చి చూపించాడు. "మీ పిన్నిని వద్దన్నారే" అని, ఫోన్ జేబులో పెట్టుకుని తన కొట్టుకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. జేబులక్క ప్రతి గుమ్మం దగ్గరికీ వెళ్ళి తప్పయిందని చెప్పుకుంది. వీధి నిజంగానే సిగ్గుపడింది, ఇప్పుడు వేస్తాం మా పేర్లే వేస్తాం అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆ వారంలోనే స్నానాల గదిలో పాప పడిపోయింది. తల్లి లేపలేకపోయింది. తడినేల మీద పక్కనే పడుకుని, ఎవరైనా వచ్చేదాకా కేకలు వేసింది.

నెలాఖరు రోజు ఇద్దరూ బస్సెక్కారు. హాస్టలు శుభ్రంగానే ఉంది. వార్డెను నెమ్మదైన మనిషి. కిటికీ పక్క మంచం, గోడకి నీలం రంగు. ఎలా వదిలి రావాలి, ఏడిస్తే ఏం చెయ్యాలి అని దారంతా జేబులక్క కుమిలిపోయింది. పాప ఏడవలేదు. గది నాలుగు మూలలా తిరిగి చూసింది, మంచం మీద కూర్చుని ఊగింది. "నా గది!" అంది, మొహం చేటంత చేసుకుని.

జేబులక్క బట్టల సంచీ మంచం కింద పెట్టింది.

"అమ్మా, పో. కుట్టుకో" అని పాపే తల్లిని గుమ్మం వైపు తోసింది. "సాయంత్రం రా."

జేబులక్క తిరుగు బస్సెక్కింది. ఇంటికొచ్చి కొట్టు తలుపు తీసేసరికి దీపాలు పెట్టే వేళయింది. అప్పుడే ఫోన్ మోగింది.

"మీ అమ్మాయి గేటు దగ్గర నిలబడిందమ్మా, భోజనానికి రమ్మంటే రావడం లేదు" అంది వార్డెను. "అమ్మ సాయంత్రం వస్తుందంటోంది. ఏం చెప్పమంటారు?"

జేబులక్క ఫోన్ చెవికి నొక్కుకుంది. ఫోన్‌లోంచి పాప గొంతు లీలగా వినిపిస్తోంది, ఏడుస్తున్న గొంతు కాదు, ఎవరికో సంతోషంగా ఏదో చెబుతున్న గొంతు.

"కుట్టు ఇంకా అవలేదని చెప్పండి" అంది.

"మరి రేపు?"

"రేపూ అదే చెప్పండి."