కోతి మెడలో మా దూడ గంట

మా చిన్నప్పుడు... శనక్కాయలు పెరికి కళ్లంలో ఆరబోశామంటే చాలు, కొండ మీది కోతులన్నీ మా పల్లెలోనే! పల్లె అంటే ఎంతని... చంద్రగిరిలో బస్సు దిగి గంటన్నర నడిస్తే, అడవి అంచున పదకొండు ఇళ్లు.

టపాకాయలు పేల్చాం, డబ్బాలు వాయించాం... అవి మమ్మల్ని చూసి పళ్లికిలించేవి.

వాటిలో చెవి చిరిగిన ఆడకోతి ఒకటి ఉండేది. పొట్టకు పిల్లను కరుచుకుని మా పెరటి గోడ మీదికి వచ్చేది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాయనకు తెలియకుండా దానికి గుప్పెడు కాయలు పెట్టేదాన్ని. నా అరచేతిలోంచే తీసుకునేది, గోరు కూడా తగలనిచ్చేది కాదు.

నాయన చూడనే చూశాడు. తంతాడనుకున్నా... తిట్టను కూడా లేదు.

"ఒకదాని మెడకి గంట కట్టి ఇడిస్తే మందంతా బెదిరి పారిపోతాదంట. అది నీకాడికి వస్తాది గదా పాపా... నువ్వే పట్టియ్యల్ల" అన్నాడు.

"పిల్లతల్లిరా అది, వద్దు" అని అవ్వ అడ్డం పడింది.

"నోటికాడి కూడు పోతా ఉండాది, నీకు కోతి మీద జాలా అమ్మా?"

నిజం చెప్పనా... నాకు సంబరంగా ఉంది. అన్నకు కాదు, నాకు చెప్పాడు నాయన! అబ్బో, ఆ రోజు నా నడక చూడాలి.

మర్నాడు పొద్దున్నే చెయ్యి చాపాను. అది వచ్చింది. కాయ అందుకునేలోపే వెనకనుంచి నాయన వల వేశాడు. పిల్ల జారి గోడ దూకితే, ఇంకో కోతి దాన్ని పొట్టకు అదుముకుని చింతచెట్టెక్కింది. చచ్చిపోయిన మా దూడ గంటను దీని మెడకు ఇనుప తీగతో బిగించారు... తాడైతే కొరికేస్తుందని.

వదలగానే చింతచెట్టు వైపే పరుగు. గంట గణగణమంది... మంద మొత్తం కేకలు పెడుతూ అడవిలోకి దూకింది, దాని పిల్లతో సహా. ఇది ఆగితే అవీ ఆగేవి. ఇది కదిలితే మళ్లీ పరుగే. ఎందుకు పారిపోతున్నాయో పాపం దానికేం తెలుసు... ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వాం. నేనైతే చప్పట్లు కూడా కొట్టాను.

వారం రోజులు అడవిలో గంట వినబడుతూనే ఉంది. కాయలు నిశ్చింతగా ఎండాయి. గంట మోగినప్పుడల్లా అవ్వ నా వైపు చూసేది.

ఎనిమిదో రోజు అది మా పెరటి గోడ మీద కూర్చుని ఉంది. బక్కచిక్కిపోయింది. తీగ కోసుకుని మెడంతా పుండు. ఆ గంటకు బెదరనిదాన్ని నేనొక్కదాన్నే కదా... నా దగ్గరికే వచ్చింది. నా వైపు చెయ్యి చాపింది. తీగ విప్పుదామని రెండడుగులు వేశాను.

"విప్పినావంటే మంద మళ్లా వస్తాది! రాయెత్తుకో!" కళ్లంలోంచి నాయన అరిచాడు.

ఎత్తుకున్నాను. గురి తప్పాలనే విసిరాను... తప్పలేదు.

ఆ తర్వాత అడవిలో గంట మోగలేదు.

ఇప్పుడు మా పల్లెలో శనక్కాయ వేసేవాళ్లే లేరు, అన్నీ మామిడి తోటలు. కోతులొస్తే పిల్లలు బిస్కెట్లు పెట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. మొన్న మా అమ్మాయి ఒకటి పంపింది... తన అరచేతిలోంచి బిస్కెట్టు అందుకుంటున్న కోతి. "ఎంత నమ్మకమో చూడమ్మా" అని రాసింది.

మీ చేతి తిండి తిన్నదాన్ని మీరెప్పుడైనా పట్టిచ్చారా? దాచుకోకుండా చెప్పండి... నేను చెప్పాను కదా.