థర్మన్ గేన్స్ చూసిన ఆట

జాక్సన్‌లో మా కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఎన్నడూ చూడనివాళ్లు ఇద్దరే ఉండేవారు. ఒకరు స్టేడియం గేటు దగ్గర నిలబెట్టిన పాతకాలపు కోచ్‌గారి విగ్రహం. పాపం, ఆయన వీపు మైదానం వైపు ఉంటుంది. రెండోవాడు థర్మన్ గేన్స్. విగ్రహమైనా ఎప్పుడో ఒకసారి తల తిప్పి ఉంటుందని నాకు అనుమానం. మేం పెద్ద కప్పు గెలిచిన మర్నాడు దాని మెడ కాస్త వంకరగా కనబడింది. థర్మన్ మాత్రం తిప్పలేదు.

తిప్పే వీలు లేదు వాడికి. సిటీ బస్సు డ్రైవరు. ఆట ఉన్న ప్రతి శనివారం స్టేడియం బస్సు వాడిదే. మా పేట మొత్తాన్ని ఎక్కించుకొచ్చి గేటు ముందు కుమ్మరించేవాడు. లోపల జనం హోరెత్తుతుంటే వాడు ఖాళీ బస్సులో తలుపు తెరిచి, వాళ్లావిడ ఐడెల్ కట్టిచ్చిన రొట్టె ముక్కలు మోకాలి మీద పెట్టుకుని, ఆట అయ్యేదాకా కూర్చునేవాడు. తర్వాత అందర్నీ ఇళ్లకు చేర్చేవాడు. గెలిస్తే వాళ్ల పాటలు, ఓడితే వాళ్ల తిట్లు, రెండూ వాడి చెవుల మీదుగానే పోయేవి. ఇరవై ఏళ్ల పైచిలుకు అదే వరస.

నేను అదే కాలేజీలో ఒకటిన్నర సెమిస్టరు చదివాను. ఇక చాలని వాళ్లే అనుకున్నారు. నేను బయటికి నడిచిన రోజు లైబ్రరీ గోడ దుఃఖం ఆపుకోలేక బీట వేసిందని ఊళ్లో చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే అనుకోండి. థర్మన్ దగ్గర ఇలాంటివి చెల్లేవి కావు.

"ఒరేయ్ రూఫస్, నువ్వు చెప్పింది సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, మిగిలింది చెత్తబుట్టలో వేస్తే, బుట్ట ఒక్కటే నిజంరా" అనేవాడు.

వాడు అలాంటివాడు. ఒకసారి ఎవరూ లేని సందులో బస్సు తగిలి పోస్టు డబ్బా వంగితే, తనే డిపోకి వెళ్లి చెప్పి, నెల్లాళ్లు ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. డబ్బాని నిలబెట్టేస్తే పోయేది కదరా అన్నాను. "నిలబెట్టాను. నిలబెట్టాకే వెళ్లి చెప్పాను" అన్నాడు. ఇలాంటి మనిషితో స్నేహం చెయ్యడమంటే రోజూ చర్చికి వెళ్లినట్టే. ఆ లెక్కన నాకు స్వర్గంలో ముందు వరస సీటు రావాలి.

ఐడెల్ పోయిన ఏడాదే వాడి కళ్లకు నీటికాసులు వచ్చాయి. పక్కలు చీకటి పడుతూ వచ్చి, చివరికి గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది. బస్సు పోయింది. మిల్వాకీలో అక్క ఇంటికి వెళ్లిపోయాడు. ఆరేడేళ్లు ఇటు మొహం చూపలేదు. కిందటి సెప్టెంబరులో ఫోను చేశాడు.

"క్విన్సీకి ఇదే ఆఖరి ఏడాది. వాడి ఆట ఒక్కసారి చూడాలి."

క్విన్సీ వాడి కూతురి కొడుకు. మా జట్టులో ముందు వరస కుర్రాడు, వీపు మీద అరవైమూడో నంబరు. మాది బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్, అయినా ముందు వరసవాళ్లు బంతి ముట్టుకోరు. ఎదుటివాడు మీదికి రాకుండా రొమ్ము అడ్డం పెట్టి ఆపుతారు. క్విన్సీకి ఆ భాగ్యమూ దక్కలేదు. నాలుగేళ్లుగా బెంచీకి కాపలా. వాళ్లమ్మకు శనివారాలు ముసలివాళ్ల ఆశ్రమంలో డ్యూటీ. వాడి పేరు పెట్టి అరవడానికి గ్యాలరీలో ఎవరూ ఉండేవారు కారు.

"వాణ్ణి దింపరురా, కూర్చోబెడతారంతే" అన్నాను.

"అయితే కూర్చున్నవాణ్ణే చూస్తా. చలికాలం వచ్చేసరికి ఈ గొట్టం కూడా మూసుకుపోతుందన్నాడు డాక్టరు."

మర్నాడే రెండు టిక్కెట్లు కొన్నాను.

శనివారం పొద్దున బస్సు స్టాండులో దిగాడు. సూటు, టై, ఐడెల్ అంత్యక్రియలకు వేసుకున్నవే. నా కారులో కూర్చుని కళ్లు మూసుకుని, మలుపులను బట్టి వీధుల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కటీ తప్పలేదు. వీధులు ఉన్నాయి, వాటి మీద ఉండాల్సినవే లేవు. చెక్కలు కొట్టిన కిటికీలు, పైకప్పు కూలిన చర్చి, గడ్డి మొలిచిన బస్సు డిపో.

"ఎడం పక్కన రొట్టెల కొట్టు" అన్నాడు.

"అదిగో, ఉంది."

"వాసన రావట్లేదే?"

"శనివారం కాల్చర్రా."

"రూఫస్, ఎప్పుడు మూసేశారు?"

"నువ్వెళ్లిన మరుసటేడు" అన్నాను. ఆ తర్వాత వీధుల పేర్లు చెప్పడం మానేశాడు.

గేటు దగ్గర మాత్రం ఆగాడు. ఇన్నేళ్లూ బస్సు నిలిపిన చోటు అది. చేత్తో గాలిలో తలుపు మర తిప్పినట్టు తిప్పి, "దిగండి, దిగండి" అని గొణిగి, లోపలికి అడుగు పెట్టాడు.

మధ్యాహ్నపు ఎండకి సిమెంటు మెట్లు పెనంలా కాలుతున్నాయి. స్టేడియం మొత్తం బంతి వెంట అటూ ఇటూ తల తిప్పుతుంటే థర్మన్ తల బెంచీ మీదే మేకు కొట్టినట్టు నిలిచింది. చూపు సన్నం కాబట్టి ఒక్క మనిషి సరిగ్గా పట్టేవాడు అందులో. ఆ ఒక్క చోటూ క్విన్సీకే ఇచ్చాడు.

"నీళ్లు తాగాడు" అన్నాడు.

"అటు చూడరా! మనవాడు బంతి పట్టుకుని ఊరవతలికి పరిగెడుతున్నాడు!"

"హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాడు."

"గీత దాటాడు! ఆరు పాయింట్లురా గుడ్డి వెధవా!"

"కుడి చెవి గోక్కున్నాడు. ఐడెల్ కూడా అంతే, ఉక్కపోస్తే కుడి చెవే గోక్కునేది."

ఒకసారి క్విన్సీ వెనక్కి తిరిగి మా వైపు చెయ్యెత్తాడు. తాత వస్తున్నాడని వాడికి తెలుసు. థర్మన్ నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ నొప్పి మర్నాటిదాకా ఉంది. ఇది మాత్రం కోతలు కాదు.

సగం ఆటయ్యాక బ్యాండు దిగింది. వేరే ఊళ్లలో అది విరామం. మా దగ్గర ఆటే బ్యాండుకి విరామం. అప్పుడు సీట్లోంచి లేచినవాణ్ణి జనం బతకనివ్వరు. డప్పులు గుండెల్లో మోగాయి, పెద్ద బూరాలు ఒక్కసారిగా అటు నుంచి ఇటు ఊగాయి. థర్మన్ నోరు తెరుచుకుని విన్నాడు.

"ఈ మోతకి నా బస్సు అద్దాలన్నీ అదిరేవిరా. ఇంజన్లో లోపమనుకుని మెకానిక్ చుట్టూ తిరిగాను" అన్నాడు. వాడి జీవితంలో నేను విన్న హాస్యం అదొక్కటే. అదీ నిజమే అయ్యుంటుంది.

బ్యాండు మైదానం దాటగానే జనం లేచారు. ఆట మళ్లీ మొదలైనా మా వాళ్లు చూడరు. ఆటకి నాలుగు క్వార్టర్లు, మూడోది తిండిది. విరామంలో లేచినవాడు ఎలా పరాయివాడో, మూడో క్వార్టర్‌లో లేవనివాడూ అలాగే పరాయివాడు. బస్సులో ఎన్ని శనివారాలు విన్నాడో ఈ ముచ్చట, థర్మన్ కూడా లేచాడు.

"నువ్వు కూర్చో. మిస్ వెర్నెల్ దగ్గర చేపలు నేను తెస్తాను" అన్నాను.

"ఉహూ. ఆ వరసలో నేను నిలబడాలి."

"మరి క్విన్సీ?"

"సగం ఆట కూర్చున్నాడు, ఈ కాసేపట్లో ఎక్కడికి పోతాడు? పద. ఇవాళైనా అందర్లా ఉండనీ."

గ్యాలరీ వెనక, నూనె పొగలో, మిస్ వెర్నెల్ జల్లెడ గరిటెతో చేపలు తీస్తోంది. వాడి టై చూసి, మొహం చూసి, గరిటె గాల్లోనే ఆపేసింది.

"బస్సు గేన్స్! నువ్వు పోయావన్నారే, నాయనా!"

"ఎవరన్నారమ్మా?"

"ఈ రూఫసే."

"ఊరికే అనలేదు. శవపేటిక మోసినవాళ్లలో ముందు నేనే. బరువుకి నా భుజం కుంగింది కూడా" అన్నాను.

వరసంతా గొల్లున నవ్వింది. అక్కడి నుంచి ఇక ఎవరెవరో ముందుకొచ్చారు. నా పెళ్లికి దింపింది నువ్వేనని ఒకావిడ, వానలో మా అమ్మ కోసం బస్సు ఆపావని ఒక బట్టతల. ఒక్కొక్కళ్లు మాట్లాడుతుంటే వాళ్ల మొహాలను గొట్టంలోకి తెచ్చుకుని, నవ్వుతూ, పేర్లు అడుగుతూ, థర్మన్ తన వంతు కూడా వెనకవాళ్లకు ఇచ్చేశాడు. వాడు అంత సంతోషంగా ఉండటం ఐడెల్ పోయాక అదే మొదలు. ఆఖరికి మిస్ వెర్నెల్ రెండు పళ్లేలు వాడి చేతుల్లో పెట్టింది. పొగలు కక్కుతున్న చేప, కింద తెల్ల రొట్టె, మీద ఎర్రటి కారం నీళ్లు.

అప్పుడు స్టేడియం నోరు మూసుకుంది.

నాకు తెలియలేదు. వాడికి తెలిసింది. ఇన్నేళ్లూ గోడ బయట కూర్చుని విన్నవాడు.

"ఎవరో పడ్డారు" అన్నాడు. "లేవట్లేదు."

మైకులో ఏదో గరగరలాడింది. అందులో నాకు అరవైమూడు అన్న ఒక్క మాట అందింది. వాడికీ అందింది. పళ్లేలు వదలకుండానే నడక మొదలుపెట్టాడు. పక్క చూపు లేని మనిషి, ఎదురొచ్చే వాళ్లను, స్తంభాలను, చెత్త డబ్బాలను గుద్దుకుంటూ పోతుంటే నేను కోటు పట్టుకుని లాగుతూ నడిపించాను. మెట్ల మీదికి వచ్చేసరికి చిన్న బండి మీద కుర్రాణ్ణి పడుకోబెట్టి గ్యాలరీ కిందికి తీసుకుపోతున్నారు.

"ఎక్కడరా? ఎక్కడ?" అంటూ థర్మన్ మెడ తిప్పుతున్నాడు, చీకటింట్లో సూది వెతికినట్టు. మైదానం కనబడింది, గీతలు కనబడ్డాయి, బెంచీ కనబడింది. బెంచీలో ఆ చోటు ఖాళీ.

మా ముందు మెట్టు మీద మోకాళ్ల నొప్పులతో లేవలేక ఉండిపోయిన ఒక ముసలావిడ చెప్పింది. ఎండకి ముందు వరసవాళ్లిద్దరికి పిక్కలు పట్టేస్తే అరవైమూడుని దింపారట. ఒక్కటే ఎత్తు ఆడాడట, బంతి ఒక్కసారి కదిలి ఆగేంతసేపు. వెనకనుంచి ఎవరో వచ్చి వాడి మోకాలి మీద కూలబడ్డారట.

"బాగా నిలబడ్డాడు, బాబూ. మీవాడా?" అంది.

థర్మన్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

గ్యాలరీ కింద గదిలోకి తాతగారని చెబితే పోనిచ్చారు. క్విన్సీ బల్ల మీద పడుకుని ఉన్నాడు. మోకాలు ఉండాల్సిన తీరులో లేదు, చుట్టూ ఐసు సంచులు. అంబులెన్సు వస్తోందన్నారు. మొహమంతా చెమట, గడ్డి. కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

"తాతా, చూశావా?"

నేను ముందుకు దూకాను. నా జీవితమంతా ఇలాంటి క్షణం కోసమే సాధన చేశాను కదా. "చూడకపోవడమేమిట్రా! ఆ దున్నపోతుని ఎత్తి అవతల పారేశావు! నీ పక్కనుంచి మనవాడు బంతితో ఎలా పరిగెత్తాడు! స్టేడియం..."

"అంకుల్ రూఫస్, ఎవరూ పరిగెత్తలేదు. బంతి విసిరారు" అన్నాడు కుర్రాడు. నా వైపు చూడను కూడా లేదు. "తాతా?"

థర్మన్ చేతుల్లో పళ్లేలు ఇంకా ఉన్నాయి. కారం నీళ్లు సూటు మీద కారిపోయాయి. చూశానని ఒక్క మాట అంటే సరిపోయేది. చిన్న పిల్లాడైనా అనేవాడు. నేను వెనకనుంచి వాడి వీపు మీద పొడిచాను కూడా.

"చూడలేదురా, బంగారం" అన్నాడు. "చేపల కోసం వెళ్లాను."

"మూడో క్వార్టర్లోనా?"

"ఆఁ."

క్విన్సీ పైకప్పు వైపు చూశాడు. వాడూ ఈ ఊరివాడే. అర్థం కాకపోవడం ఉండదు. "ఎదుటివాణ్ణి ఆపాను తాతా" అన్నాడు. "ముందు ఆపాను. తర్వాతే ఇది."

"ఎలా ఆపావు? చెప్పు నాన్నా. కళ్లు మూసుకుంటాను, నువ్వు చెప్పు."

కుర్రాడు నోరు తెరిచాడు. ఏం నొప్పి వచ్చిందో, దేని నొప్పో, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "తర్వాత చెప్తాలే" అన్నాడు.

మైదానం మీద మా జట్టు మళ్లీ గీత దాటినట్టుంది. పైన మెట్లన్నీ దడదడలాడాయి.

క్విన్సీకి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కర్రతో నడుస్తున్నాడు, టైర్ల కొట్లో కూర్చుని చేసే పని దొరికింది. ఆ ఒక్క ఎత్తు సంగతి తాతకు ఇంతవరకు చెప్పలేదు. తిరిగెళ్లిన థర్మన్ ఫోనులో అడిగినప్పుడల్లా, అక్కడికి వచ్చినప్పుడు చెప్తానంటాడు. మిల్వాకీ వెళ్లడు. మంగలి షాపులో నేను ఆ ఎత్తుని రకరకాలుగా ఆడించాను. ఒక రకంలో క్విన్సీ ముగ్గుర్ని ఒకేసారి ఆపుతాడు. అదొకటి థర్మన్‌కి ఫోనులో వినిపించబోతే, "వద్దు. అది నువ్వు చెప్పకు" అన్నాడు.

డాక్టరు అన్నట్టే క్రిస్మస్ లోపల గొట్టం మూసుకుపోయింది. మొన్న ఫోను చేశాను.

"ఏమైనా కనబడుతోందా?"

"లేదు."

"మరి పొద్దంతా ఏం చేస్తున్నావురా?"



"హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాడు" అన్నాడు థర్మన్. "ఇప్పుడు నీళ్లు తాగుతున్నాడు."