మత్తయి మాస్టారికి అర్థం కాలేదు

మత్తయి మాస్టారికి ఏదీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఇరవయ్యారేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, మూడో తరగతిలో చెయ్యెత్తి, "అర్థం కాలేదండి, ఇంకోసారి చెప్తారా?" అనేవారు.

1996లో నేను మామిడికుదురు దగ్గర ఒక ఊరి బడిలో టీచరుగా చేరాను. నెలకోసారి చుట్టుపక్కల టీచర్లందరం ఏదో ఒక బడిలో కలిసేవాళ్లం. ఒకరు పిల్లలకు పాఠం చెప్పాలి. మిగతావాళ్లు చూసి, తర్వాత బాగోగులు మాట్లాడాలి. మేమంతా గోడవార కుర్చీల్లో కూర్చుంటే, మత్తయి మాస్టారు మాత్రం పిల్లల మధ్య చాప మీద మఠం వేసుకునేవారు.

ఆయన ధాటికి కాశీవిశ్వనాథం గారు ఏడో ఎక్కం మూడుసార్లు చెప్పి గొంతు పోగొట్టుకున్నారు. కృష్ణవేణి గారు తన వంతు వచ్చిన నెల ఏకంగా జ్వరం తెచ్చుకున్నారు.

"సరిగ్గా ఇవాళే ఎలా వచ్చిందో అర్థం కాలేదండి," అన్నారు మాస్టారు.

మా బడిలో సమావేశం నాడు నా వంతు. భిన్నాలు. వారం రోజులు తయారయ్యాను.

"సగంలో సగం పావు," అన్నాను.

చెయ్యి లేచింది. మళ్లీ చెప్పాను. మళ్లీ లేచింది. నాలుగోసారికి పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాగితం మడతలు పెట్టి చూపిస్తే గానీ ఆ చెయ్యి దిగలేదు.

టీల దగ్గర నిలదీశాను. "భిన్నాలు రాకుండానే ఇన్నాళ్లూ ఉద్యోగం చేసేరా మాస్టారూ?"

"నాకొచ్చండి. పక్కనున్న దుర్గాశ్రీకే రాలేదు. పలక బోర్లించేసిందండి. అడిగితే అందరూ నవ్వుతారని భయం." ఆయన టీ ఊదుకున్నారు. "నన్ను చూసి నవ్వితే ఏం పోయిందండి?"

"మరి నా సంగతండీ?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఆయ్, అది తప్పేనండి. పిల్ల మొహం చూసేను గానీ మీ మొహం చూళ్లేదు. వచ్చే నెల నా పాఠం పెట్టిద్దాం సుప్రియగారూ. మీరు చాప మీద కూర్చోండి."

కూర్చున్నాను. మాట కమ్మగా వినబడుతోంది. బోర్డు మాత్రం కనబడటం లేదు. ఆరడుగుల మాస్టారు కనబడుతున్నారు. పాఠం అయ్యాక అందరూ ఆహా ఓహో అన్నారు. నేను మెల్లిగా లేచాను.

"మాస్టారూ, మీరు బోర్డుకి అడ్డంగా నుంచుంటున్నారండి."

కుర్చీల్లో వాళ్లు నోళ్లు తెరిచారు. ఆయన వెనక్కి తిరిగి బోర్డునీ, తన కాళ్లనీ మార్చి మార్చి చూసుకున్నారు. మొహం విప్పారింది.

"ఇరవయ్యారేళ్లుగా ఇక్కడే నుంచుంటున్నానండి. ఒక్కరూ చెప్పలేదు!"

ఒక అడుగు పక్కకు జరిగారు. వెనక వరస పిల్లలు గబగబా పలకలందుకుని రాసుకోవడం మొదలెట్టారు.