బోర్లించిన బుట్ట

మా మేనత్త లోర్నా హౌగెన్ కూర్చుని కాఫీ తాగగా చూసి మూడేళ్ళయింది. పడవలో చుక్కాని ముందు ఆమె కోసమే ఒక ఎత్తు కుర్చీ ఉంది. దాని మీద వాన కోటు ఉంటుంది, ఆమె పక్కన నిలబడి ఉంటుంది. కప్పు ఒకచోట పెట్టి ఇంకోచోట వెతుక్కుంటుంది.

ముప్పై ఏళ్ళుగా మా ఒరెగాన్ రేవు నుంచి లింగ్‌కాడ్ వేటకి జనాన్ని తీసుకెళ్ళడమే ఆమె పని. లింగ్‌కాడ్ అడుగున రాళ్ళ మధ్య పడుకుని, ఎదురొచ్చినదాన్నల్లా మింగే చేప. చిక్కేమిటంటే ఆ రాళ్ళలోనే రాక్‌ఫిష్ కూడా ఉంటుంది. అది నిదానంగా పెరుగుతుంది. కొన్ని రకాలు వందేళ్ళు బతుకుతాయి. మనకు అక్కర్లేకపోయినా అదీ గాలానికి తగులుతుంది. ముప్పై బారల లోతు నుంచి పైకి వచ్చేసరికి లోపలి గాలి ఉబ్బి, కళ్ళు పొడుచుకొచ్చి, నోట్లోంచి గులాబిరంగు బుడగ ఒకటి బయటికొస్తుంది. అలాగే వదిలేస్తే మునగలేక పైన తేలుతూ పక్షుల పాలవుతుంది.

ఆ బుడగని రేవులో అందరూ చేపని నీళ్ళలో తేల్చే గాలితిత్తి అనుకునేవారు. సూదితో గుచ్చితే తగ్గేది, చేప దిగిపోయేది. బతికిపోయిందిలే అనుకుని చేతులు కడుక్కునేవారు. అత్త తన సూదిని ఒక సీసా బిరడాకి గుచ్చి చుక్కాని పక్కన ఉంచుకునేది. ఇరవై రెండేళ్ళు వాడింది. మూడేళ్ళ కిందటి చలికాలంలో చేపల మీద పరిశోధన చేసే ఒకావిడ రేవు హాల్లో బల్ల మీద ఒక రాక్‌ఫిష్‌ని కోసి చూపించి, "మీరు గుచ్చుతున్నది గాలితిత్తి కాదండీ, తిరగబడి బయటికొచ్చిన పొట్ట" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త కోటు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఆమె వేట పద్ధతే మారింది. రాక్‌ఫిష్ నోట్లో పట్టనంత పెద్ద ఎర కడుతుంది. అయినా ఒక్కోటి గాలానికి చిక్కుతూనే ఉంటుంది. ఒకే చోట రెండు రాక్‌ఫిష్ వస్తే, లింగ్‌కాడ్ ఎంత జోరుగా పడుతున్నా సరే, చోటు మార్చేస్తుంది. పైకి వచ్చినదాన్ని పాలసీసాల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, దాని కింద పెట్టి, బరువు కట్టి, తాడుతో అడుగుకి దించుతుంది. లోతుకి వెళ్ళాక ఉబ్బు తగ్గి, చేప తనంతట తానే ఈదుకుంటూ పోతుందట.

"పోతుందని ఎవరు చూశారక్కా?" అన్నాడు మా నాన్న వెర్న్ ఒకరోజు. ఆయన ఆమె తమ్ముడు, అదే పడవలో పనిచేస్తాడు. "అప్పుడు సూదితో గుచ్చినవీ దిగాయిగా."

సరదాకి అన్నమాటే. కానీ వారం తిరక్కుండా అత్త నీళ్ళలో పనిచేసే కెమెరా ఒకటి, టార్చి ఒకటి కొనుక్కొచ్చింది. రెండూ బుట్టకి కట్టింది.

ఆ తర్వాత జరిగింది నాన్న ఒకలా, ఆర్విల్ ప్రూయిట్ ఒకలా చెప్పారు. రెండూ కలిపి రాస్తున్నాను. ఆర్విల్ కలప మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి పడవెక్కడం. పొద్దున్నుంచి మూడు చోట్లు మారారు.

"ఏమ్మా కెప్టెనూ, వేటకొచ్చామా, ఊరేగింపుకా?" అన్నాడు.

"కూర్చోండి పెద్దాయనా, మోకాలు నొప్పెడుతుంది."

"నువ్వు ముందు కూర్చో, చూసి నేర్చుకుంటా."

నాలుగో చోట అతని గాలానికి పసుపు కళ్ళ ఎర్ర రాక్‌ఫిష్ వచ్చింది. మోచెయ్యంత పొడుగు. "ఇది వయసులో నాకంటే పెద్దది, జాగ్రత్త" అంటూ అత్త దాన్ని బుట్ట కింద పెట్టి తాడు వదలడం మొదలుపెట్టింది. సగం దించిందో లేదో, ఆర్విల్ మళ్ళీ వేసిన గాలం గెడ నీళ్ళదాకా వంగింది.

"లింగ్! పెద్ద లింగ్! వల తే, వల!"

కెరటాలు పడవని రాళ్ళవైపు నెడుతున్నాయి, నాన్న చుక్కాని వదల్లేడు. వల అత్తకి రెండడుగుల దూరంలో ఉంది. ఆమె తాడు వదల్లేదు.

"అమ్మా తల్లీ, ఆ తాడు కాసేపు వదిలెయ్యవే!"

"వదలను."

నీటి మీదికొచ్చిన లింగ్‌కాడ్ నోరు తెరిచి వెనక్కి జారిపోయింది. అది గాలానికి తగలనేలేదు. గాలానికి చిక్కిన చిన్న రాక్‌ఫిష్‌ని కరుచుకుని అంతదూరం వచ్చింది. ఆ చిన్నది మాత్రం ఒంటినిండా పంటిగాట్లతో మిగిలింది. ఆర్విల్ తిట్టిన తిట్లు నాన్న నాకు చెప్పలేదు.

అత్త బుట్ట పైకి లాగింది. ఖాళీ. కెమెరాలో ఏముందో చూడాలని వేళ్ళు లాగేస్తున్నాయి, కానీ రెండో చేప కళ్ళు అప్పటికే ఉబ్బుతున్నాయి. బుట్ట బోర్లించి దాన్నీ దించింది. అడుగు తగలగానే గబగబా లాగేసి, తడి చేతులతోనే కెమెరా విప్పింది.

ముగ్గురూ తలలు ఆనించి చూశారు. పెద్ద చేప బుట్టలో పైకి అంటుకుని ఉంది. దిగుతున్నకొద్దీ కళ్ళు లోపలికి సర్దుకున్నాయి, బుడగ నోట్లోకి వెళ్ళిపోయింది. అడుగున ఒక్క క్షణం ఆగి, తోక విదిలించి, రాళ్ళ చీకట్లోకి పోయింది.

"పోయింది!" అని అరిచాడు ఆర్విల్, తన కోపం మర్చిపోయి.

"తర్వాతది చూపించు" అంది అత్త.

చిన్నది అడుగున పక్కకి ఒరిగి పడి ఉంది. దవడ ఒకసారి కదిలింది. అంతలో బుట్ట పైకి లేచింది. చేప కిందే ఉండిపోయి, తెర మీద నీళ్ళే మిగిలాయి. ఆ ముక్కని అత్త నాలుగుసార్లు వేసి చూసింది.

"బతికే ఉంటుందిలే అక్కా."

"తెలియదు. తొందరపడి లాగేశాను. ఇంకొక్క నిమిషం ఉంచితే తెలిసేది."

"ఒకదాని సంగతి తెలిసిందిగా. కాసేపు కూర్చో."

"రెండయ్యాయి. చోటు మార్చు."

ఐదో చోట ఆర్విల్‌కి లింగ్‌కాడ్ పడింది, మరీ పెద్దదేం కాదు. దాంతోపాటు ఇంకో రాక్‌ఫిష్. అత్త దాన్ని దించింది. బరువు అడుగుకి తగిలి తాడు వదులైంది. ఆర్విల్ తన చేపని డబ్బాలో పెట్టుకుని వచ్చి, ఆమె పక్కన నిలబడి తాడు కేసి చూశాడు.

"లాగొచ్చేమో?" అన్నాడు నాన్న.

"ఉండు" అంది అత్త. ఆమె కాలి బొటనవేలు చెక్క మీద టకటకా కొడుతూనే ఉంది. చేతులు మాత్రం కదల్లేదు.