ఆకు అడిగితే క్యారెట్

మా ఆయన నన్ను అనుమానపు పీనుగ అంటాడు. అననీ. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఇన్నేళ్ళు ఫైళ్ళు చూసిన మనిషిని, ఎవరేం చెప్పినా ఓ పట్టాన నమ్మను. ఆ చలికాలం దేశ రాజధానిలోని మా ఆర్.కె. పురం క్వార్టర్లో నా అనుమానమంతా మా అమ్మ మీదే.

అమ్మ కాకినాడ వైపు మనిషి. మా దగ్గరే ఉంటోంది. వంటంతా తనదే, నన్ను పొయ్యి ఛాయలకు కూడా రానివ్వదు. పొద్దున్నే గేటు దగ్గరకు వచ్చే కూరల బండికి తనే వెళుతుంది. ఆకుకూర లేనిదే తనకు ముద్ద దిగదు. అలాంటిది ఉన్నట్టుండి ఇంట్లో ఆకన్నది కనబడడం మానేసింది. ఏ పూట చూసినా క్యారెట్లే. క్యారెట్ కొబ్బరి కూర, క్యారెట్ పచ్చడి, ఆఖరికి పప్పులో కూడా క్యారెట్. మా అబ్బాయి కంచం చూడగానే "అమ్మమ్మా, ఫిర్ సే గాజర్?" అని మొహం ముడిచేవాడు.

"కళ్ళకు మంచిదిరా" అనేది అమ్మ.

ఎవరి కళ్ళకు? తనేమో ఒక్క ముక్క ముట్టదు. అంతా నా కంచంలోకే తోస్తుంది. నేను తింటుంటే నా మొహంలోకే అదేపనిగా చూస్తుంది. ఓసారి గోడమీద క్యాలెండర్ చూపించి, "ఆ కింది అక్షరాలేంటో చదువు" అంది. ఎందుకంటే "ఊరికే" అని తిరగమోత పెట్టడానికి వెళ్ళిపోయింది. మా అమ్మ ఏదీ ఊరికే అడగదు. నాకేదో అవుతుందని ఏ జ్యోతిష్కుడైనా చెప్పాడా? లేక తనకే ఏదో వచ్చి దాస్తోందా? నాకు అన్నం సహించలేదు.

"నీ కళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగేశాను.

"నాకేం, నిక్షేపంలా ఉన్నాయి. నీ చీర మీద పసుపు మరక కూడా కనబడుతోంది" అంది. నిజంగానే మరక ఉంది. అయినా నా మనసు కుదుటపడలేదు.

ఓ శనివారం అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నేనే బండి దగ్గరకు దిగాను. రోజూ క్యారెట్లే ఎందుకు అంటగడుతున్నావని బండివాణ్ణి హిందీలో నిలదీశాను. అతను నవ్వాడు.

"మాతాజీ రోజ్ ఆంఖ్, ఆంఖ్ బోల్తీ హైఁ దీదీ. ఆంఖ్ కే లియే తో గాజర్ హీ అచ్ఛా హై నా?"

ఓరి దేవుడా! అమ్మ అడిగింది ఆకు. అతనికి వినబడింది ఆంఖ్, అంటే కన్ను. పెద్దావిడకు కళ్ళు బాగాలేవు కాబోలు అనుకుని క్యారెట్లు తూచి ఇస్తున్నాడు. పగలబడి నవ్వాను. ఇన్నాళ్ళు ఇంతమాత్రానికా నేను బుర్ర బద్దలు కొట్టుకున్నది అనుకున్నాను.

నవ్వుతూనే బండి మీదకి చూశాను. ఓ పక్కన పాలకూర, మెంతికూర కుప్పలుగా ఉన్నాయి.

"ఇవి రోజూ తెస్తావా భయ్యా?"

"రోజ్, దీదీ. మాతాజీ ఇధర్ హీ ఖడీ హోతీ హైఁ" అంటూ అమ్మ రోజూ నిలబడే చోటు చూపించాడు, ఆ కుప్పల పక్కనే.

మోచేతి దగ్గర అంత ఆకుకూర పెట్టుకుని, వేలు పెట్టి చూపిస్తే సరిపోయేదానికి నోటితో అడగడమెందుకు? నా నవ్వు ఆగిపోయింది. అంటే పక్కనున్నవి తనకు కనబడడం లేదా?

ఇంటికి వచ్చి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నా మొహంలోకే చూడమన్నాను. నా చెయ్యి తన చెవి వెనకనుంచి మెల్లగా ముందుకు తెచ్చాను. దాదాపు ముక్కు దగ్గరకు వచ్చేదాకా అమ్మకు అది కనబడలేదు.

"ఎన్నాళ్ళనుంచే అమ్మా?"

"చెప్తే నన్ను పొయ్యి దగ్గరకి రానిస్తావా?" అంది. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"మరి ఆ క్యారెట్లెందుకు మోసుకొచ్చావు?"

"ఆకు అడిగితే అతను కన్ను చూపించి చేతిలో పెట్టాడు. కంటికి మంచిదంటున్నాడు కదా, నువ్వు తింటావని తెచ్చాను."

"నేనా? నాకెందుకు?"

అమ్మ నా కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి మళ్ళీ నాకు పెట్టింది.

సోమవారం సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలయ్యాక డాక్టరు హిందీలో చెబుతుంటే నేను తెలుగు చేస్తూ కూర్చున్నాను. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట, నీటికాసులట, అదే గ్లకోమా. పోయిన చూపు రాదు, రోజూ చుక్కలు వేస్తే ఉన్నది నిలబెట్టుకోవచ్చు.

"ఏం తింటే తిరిగొస్తుందో అడుగు" అంది అమ్మ.

అడిగాను. ఆకుకూరలు, క్యారెట్లు కళ్ళకు మంచివే, మానొద్దు, కానీ ఈ జబ్బును అవి ఆపలేవన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఇది వంశంలో వచ్చే జబ్బు, కూతురివి కాబట్టి నువ్వూ చూపించుకోమన్నాడు. ఆ ముక్క నేను తెలుగు చెయ్యలేదు.

"ఏమంటున్నాడే?"

"ఏం లేదమ్మా. నా కళ్ళజోడు పవర్ చూస్తాడట."

"నా దగ్గరా నీ నాటకాలు? మా అమ్మకీ ముందు పక్కచూపే పోయింది. తర్వాత మొత్తం పోయింది. నువ్వు గడప తట్టుకున్నప్పుడల్లా నా గుండె జారిపోతోందే" అంటూ లేచింది. నా భుజం పట్టుకుని పరీక్ష చేసే కుర్చీ వైపు నెట్టింది. "కూర్చో. నీ సంగతి తేలందే నేను ఇంటికి రాను."

మిషను మీద గడ్డం ఆనించాను. చచ్చేంత భయం వేసింది. కంట్లో వెలుగు పడగానే తల వెనక్కి లాక్కున్నాను.

"హిలియే మత్" అన్నాడు డాక్టరు.

అమ్మకు హిందీ రాదు. అయినా "కదలకే తల్లీ" అంది.