నాలుగోసారి

రెండువేల సంవత్సరంలో వైటూకే కంప్యూటర్ పనులు అయిపోగానే నా ఉద్యోగం పోయింది. ఆ చలికాలం మెల్బోర్న్ వదిలి, కొండమీద ఒక స్కీ లాడ్జిలో గిన్నెలు కడగడానికి చేరాను. అక్కడ మిషన్లు చూసుకునే పెద్దాయన మన కర్నూలు మనిషి. అంకుల్ అనేవాణ్ణి.

పొద్దున్నే గుమ్మం ముందు మంచు ఎత్తిపోసే స్నోబ్లోయర్‌ని ఆయనే స్టార్ట్ చేసేవాడు. తాడు మూడుసార్లు లాగేవాడు. రాకపోతే వదిలేసి పక్కనే గొంతుక్కూర్చునేవాడు. "తప్పు మిషన్‌ది కాదబ్బీ. మనమే దేన్నో చూడలేదు," అంటూ చోక్, ప్లగ్గు, పెట్రోలు వరసగా చూసేవాడు. లోపం దొరక్కుండా నాలుగోసారి లాగగా నేనెప్పుడూ చూడలేదు.

సీజన్ చివర ఒక పని నాకు అప్పజెప్పాడు. "ట్యాంకు వంపేసినాక ఇంజను దానంతటదే ఆగేదాకా నడుపు. కార్బరేటర్‌లో చుక్క మిగిలినా జిగురైతాది."

ట్యాంకు వంపేశాను. అంతలో రిసెప్షన్‌లో ఫోనొచ్చిందన్నారు. మెల్బోర్న్‌లో ఉద్యోగం. మిగతాది అలాగే వదిలేసి, అంతా అయిపోయిందని ఆయనకు చెప్పి కొండ దిగాను.

మరుసటేడు సీజన్ మొదట్లో ఆఫీసువాళ్లతో సరదాకి అదే కొండకు వెళ్లాను. అంకుల్ స్నోబ్లోయర్ పక్కన కూర్చుని ఉన్నాడు. మూడుసార్లూ లాగేశాడట. అప్పటికే కొత్త పెట్రోలు, కొత్త ప్లగ్గు వేసి ఉన్నా రాలేదు.

"కార్బరేటర్ ఎండబెట్టినావు కదబ్బీ?"

నా పక్కనున్నవాళ్లకెవరికీ తెలుగు రాదు. నిజం చెప్పినా పోయే పరువేమీ లేదు.

"ఎండబెట్టాను అంకుల్," అన్నాను.

ఆయన సరేనని తలూపాడు. కార్బరేటర్ జోలికి పోకుండా లేచి నిలబడి, తాడు నాలుగోసారి లాగాడు.